ఎగురని గంటలు

భారతదేశములో విమానములు నడుపుట నేర్పు శిక్షణాలయములకు పౌరవిమానయాన డైరెక్టరేటు జనరల్ వారు 2025 అక్టోబరులో తొలిసారిగా తరగతులు నిర్ణయించి ప్రకటించిరి. పరిశీలనకు వచ్చినవి 35. వానిలో 'ఏ ప్లస్' గాని, 'ఏ' గాని పొందినది ఒక్కటియు లేదు. 13 శిక్షణాలయములు 'బి' తరగతిలోను, తక్కిన 22 'సి' తరగతిలోను నిలిచినవి. ఏటేట శిష్యులను పరీక్షలకు పంపు విద్యాలయములు ఒకమారు తామే పరీక్షకు కూర్చుండగా, ప్రథమశ్రేణిలో ఒక్కరికిని చోటు దొరకనట్లున్నది ఈ ఫలితము.

ఇది వెలువడిన సమయమును గమనింపవలెను. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానములను, అదే సంవత్సరము జూన్‌లో ఇండిగో 500 విమానములను కొనుటకు నిర్ణయించినవి. ఇన్ని విమానములకు చోదకులు కావలెను. ఆ చోదకులను తయారుచేయుటకు శిక్షకులు కావలెను. 2024 జూన్‌లో పౌరవిమానయాన శాఖను చేపట్టిన కేంద్రమంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళము వారు; 2014 నుండి 2018 వరకు అదే పదవిలో నుండిన పూసపాటి అశోక గజపతిరాజు విజయనగరము వారు. ఉత్తరాంధ్రమునకు ఆకాశముతో ఏదో ఋణానుబంధ మున్నట్లున్నది. అది యట్లుండనిండు. తెలుగునాట మధ్యతరగతి కుటుంబములు పొలము కుదువబెట్టి బిడ్డలను ఈ చదువునకు పంపుచున్న కాలమిది. అరకోటి రూపాయలకు అటునిటుగా వ్యయమగు ఈ చదువు ముగిసిన పిదప విద్యార్థి చేతికి వచ్చునవి రెండు: ఒక లైసెన్సు, ఒక లాగ్ పుస్తకము. లైసెన్సునకు ఆధారము లాగ్ పుస్తకము. లాగ్ పుస్తకమునకు ఆధారము అందులోని శిక్షకుని చేవ్రాలు.

పూర్వము పల్లెలలో కరణము కవిలెకట్టకు ఏ స్థానముండెనో విమానలోకములో ఈ పుస్తకమునకు ఆ స్థానము కలదు. ఏ తేదీన, ఏ విమానముపై, ఎచ్చటినుండి ఎచ్చటికి, ఎంతసేపు, పగలా రాత్రియా, శిక్షకునితోనా ఒంటరిగానా అను వివరములన్నియు వరుసలుగా వ్రాయబడును. మన దేశములో వాణిజ్య చోదక లైసెన్సునకు 200 గంటలు ఎగిరియుండవలెను; అందు 100 గంటలు తానే విమానాధిపతియై నడిపియుండవలెను. విద్యార్థి ఆకాశమున నేమి చేసెనో చూచినవారు ఒకరిద్దరు. తరువాత అతనికి ఉద్యోగ మిచ్చువారును, అతని వెనుక కూర్చుండి ప్రయాణము చేయువారును నమ్మవలసినది ఆ పుటలనే.

పైలట్ల పరిభాషలో ఒక పాత చమత్కార మున్నది. ఎగురకయే పుస్తకములో ఎక్కించిన గంటలను 'పి-51 గంటలు' అందురు. పి-51 అనగా రెండవ ప్రపంచయుద్ధములో పేరు గాంచిన అమెరికా యుద్ధవిమానము ముస్టాంగు. కాని ఈ మాటలో నున్నది పార్కర్ 51 కలము. ఒకనాడు అధ్యాపకుల జేబులలో దర్జాగా నిలిచిన కలమునకు ఇట్టి అపకీర్తియు దక్కినది.

నిజమునకు ఒక్క అబద్ధపు గంటను నిలబెట్టుట అంత సులభము కాదు. విద్యార్థి పుస్తకముతో పాటు విమానమునకును వేరే పుస్తకము కలదు. ఇంజను ఎంతసేపు తిరిగెనో చూపు మీటరు కలదు. ఇంధనము పోసిన లెక్క కలదు. కంట్రోలు టవరున్న చోట్ల విమానము లేచిన వేళయు, దిగిన వేళయు నమోదగును. ఒక అసత్యము నిలువవలెనన్న ఇన్ని లెక్కలును ఏకకంఠముగా అసత్యమాడవలెను. కావున విద్యార్థి ఒక్కడే చేయగల మోసము కాదిది. సంస్థలో నెవరో కన్ను మూసికొనవలెను, లేదా కలము అందీయవలెను.

2011లో మన దేశమున అట్టి గుట్టు కొంత బయటపడినది. ఆ సంవత్సరము జనవరిలో గోవాలో ఒక ప్రయాణికుల విమానము ముందుచక్రముపై బలముగా దిగినది. ఆ దిగుటను విచారింపగా, నడిపినవారు ఉన్నత లైసెన్సు కొరకు సమర్పించిన మార్కుల పత్రము కల్పితమని తేలినది. తీగె లాగగా డొంక కదలినది. మరికొందరి పత్రములును అట్టివేయని బయల్పడి అరెస్టులు జరిగినవి. రాజస్థానులో అవినీతి నిరోధక శాఖవారు ఒక శిక్షణాలయము పుస్తకములను తిరుగవేయగా, ఎగురని గంటలు ఎగిరినట్లు వ్రాసియుండుట కనబడినది. తుదకు దేశమంతట శిక్షణాలయములను, లైసెన్సులను మరల తనిఖీ చేయవలసి వచ్చినది.

ఇది పచ్చి అబద్ధము. పచ్చి అబద్ధము ఎప్పటికైనను పట్టుబడును. అంతకంటె మొండి వ్యాధి మరియొకటి కలదు. అందు గంటలు నిజముగా ఎగిరినవే, పరీక్షలు నిజముగా జరిగినవే, చేవ్రాళ్లును నిజమైనవే. ఐనను ఆ పుటలు చదివినవారికి తెలియవలసిన సంగతి తెలియదు. ఈ వ్యాధి చరిత్ర స్పష్టముగా కనబడునది అమెరికాలో. అచ్చటి దర్యాప్తు నివేదికలు బహిరంగముగా ప్రకటింపబడును గనుక దానిని కొంత వివరముగా పరిశీలింపవచ్చును.

1994 డిసెంబరు 13 రాత్రి నార్త్ కెరొలినా రాష్ట్రములో రాలీ-డర్హం విమానాశ్రయమునకు చేరువలో ఫ్లాగ్‌షిప్ ఎయిర్‌లైన్స్ వారి జెట్‌స్ట్రీం విమాన మొకటి కూలినది. అందున్న 20 మందిలో 15 మంది మరణించిరి. దిగుటకు వచ్చుచుండగా ఎడమ ఇంజనుకు సంబంధించిన దీప మొకటి క్షణకాలము వెలిగెను. ఇంజను ఆగిపోయినదని కెప్టెను తలంచెను. ఇంజను ఆగలేదు. లేని జబ్బునకు తడబడుచు చేసిన వైద్యమే ప్రాణము తీసినది. ఆ కెప్టెను అంతకుముందు వేరొక సంస్థలో పనిచేసి, తన నైపుణ్యముపై అక్కడివారికి అనుమానములు కలిగిన మీదట రాజీనామా చేసి వచ్చినవాడు. ఆ అనుమానములు పాత సంస్థలోనే నిలిచిపోయినవి. క్రొత్త సంస్థకు చేరలేదు. చోదకుల లోపములను గుర్తించుట, వ్రాసియుంచుట, కనిపెట్టియుండుట, సరిదిద్దుట అను నాలుగింటను యాజమాన్యము విఫలమైనదని జాతీయ రవాణా భద్రతా మండలి పేర్కొన్నది. ఈ నాలుగు క్రియలలో రెండవదానిని సామాన్యముగా ఎవరును లెక్కచేయరు. మిగిలిన మూడును దానిమీదనే ఆధారపడియున్నవి.

1996లో అమెరికా కాంగ్రెసు చట్టము చేసినది. చోదకుని క్రొత్తగా చేర్చుకొను సంస్థ అతని ఐదేండ్ల చరిత్రను పూర్వపు యజమానులనుండి తెప్పించుకొనవలెను. చక్కని చట్టమే. కాని లైసెన్సు కొరకు ప్రభుత్వ పరీక్షకుల యెదుట అభ్యర్థి తప్పిన పరీక్షల సంగతి అందులో చేరలేదు. అతడు స్వయముగా అంగీకారపత్రము వ్రాసి యిచ్చిననే అది వచ్చును. ఈ సందు మూయలేదు.

2009 ఫిబ్రవరి 12 రాత్రి బఫెలో నగరమునకు సమీపమున కోల్గన్ ఎయిర్ వారి 3407వ సంఖ్య విమానము ఒక ఇంటిపై కూలి 50 మంది మరణించిరి; అందొకరు ఆ యింటివారు. వేగము తగ్గి రెక్కలు గాలిపట్టు వదలబోవునప్పుడు హెచ్చరికగా చోదకుని చేతిలోని కర్ర గడగడ వణకును. అప్పుడు విమానము ముక్కు దించి వేగము తెచ్చుకొనవలెను. ఇది ప్రతి శిష్యునికి తొలినాళ్లలోనే నేర్పు పాఠము. ఆ రాత్రి కెప్టెను కర్రను వెనుకకు లాగెను.

దర్యాప్తులో అతని పూర్వచరిత్ర వెలికివచ్చినది. సంస్థలో చేరకముందు మూడు లైసెన్సు పరీక్షలలో మొదటిమారు తప్పియుండెను. దరఖాస్తులో ఒకదానినే చూపెను. చేరిన తరువాతను తప్పినవి కలవు. ప్రతిమారును అతడు మరల శిక్షణ పొంది, మరల పరీక్షకు పోయి నెగ్గెను. కావున లెక్క ప్రకారము ప్రతి అధ్యాయమును ఉత్తీర్ణతతోనే ముగిసినది. అన్ని అధ్యాయములను కలిపి చదివినవారు మాత్రము లేరైరి. చదువగోరినను వీలుండెడిది కాదేమో. ఏలయన సంస్థ శిక్షణ రికార్డులు కంప్యూటరులో భద్రముగానే యుండెను గాని, అతని వైఫల్యముల వరుసను పసిగట్టుటకు చాలినంత వివరము వానిలో లేదని మండలి తేల్చినది.

2010లో మరియొక చట్టము వచ్చినది. అందు ముఖ్యమైనవి రెండు. ప్రయాణికుల విమానములలో సహచోదకుడు కూడ సామాన్యముగా 1500 గంటలు ఎగిరియుండవలె ననునది మొదటిది. ప్రతి చోదకుని చరిత్రయు ఒకేచోట దొరకునట్లు ప్రభుత్వము రికార్డుల సంపుటి నెలకొల్పవలె ననునది రెండవది. ప్రజలకు, పత్రికలకు నచ్చినది గంటల సంఖ్య. ప్రమాదము నాటికి కోల్గన్ విమానములోని చోదకు లిరువురికిని 1500 గంటలకు మించిన అనుభవమే యుండెనను మాట ఆ సందడిలో మరుగుపడినది. సంఖ్యను పెంచుట సులభము గనుక ఆ నియమము 2013లోనే అమలునకు వచ్చినది. రికార్డుల సంపుటికి తుదినియమములు వెలువడినది 2021 జూన్‌లో. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినవని మన సామెత. అచ్చట పదకొండేండ్లు పట్టినది.

ఆ పదకొండేండ్ల నడుమనే, 2019 ఫిబ్రవరి 23న, టెక్సాసులో ట్రినిటీ బే అను లోతులేని అఖాతములో అట్లాస్ ఎయిర్ వారి సరకుల విమానము బోయింగ్ 767 పడి, అందున్న ముగ్గురును మరణించిరి. దిగుటకు సిద్ధమగుచుండగా, విమానమును మరల పైకి లేపుటకు ఉపయోగించు మీట పొరపాటున పనిచేసినది. విమానము ముందుకు ఉరికినది. వేగము హఠాత్తుగా పెరిగినప్పుడు ముక్కు పైకి లేచిపోవుచున్నదను భ్రమ కలుగుట మానవశరీరమునకు సహజము. పరికరములను చూచి ఆ భ్రమను త్రోసిపుచ్చుటయే శిక్షణ. సహచోదకుడు భ్రమనే నమ్మి ముక్కును క్రిందికి త్రోసెను. అతడును పూర్వము పెక్కు పరీక్షలలో తప్పినవాడు. కొంతకాలము పనిచేసి విడిచిన కొలువులలో కొన్నింటిని దరఖాస్తులో చూపనివాడు. ప్రమాదమునకు దోహదము చేసిన కారణములలో, రికార్డుల సంపుటిని సకాలములో తగినంత పటిష్ఠముగా నెలకొల్పకపోవుటను కూడ మండలి చేర్చినది.

ఆ దర్యాప్తులో నమోదైన సాక్ష్యములలో ఒకటి మనస్సును వదలదు. మునుపటి సంస్థలో అతనిని పరీక్షించిన ఒక శిక్షకుడు చెప్పిన మాట అది. అనుకొనని పరిస్థితి ఎదురైనప్పుడు ఈ చోదకుడు మిక్కిలి కలతపడి, ఏమి నొక్కుచున్నాడో ఆలోచింపక, ఏదో ఒకటి చేయవలెనని మీటలు నొక్కుచుండువాడట. ఒక చోదకుని గూర్చి ఇంతకంటె ఉపయోగకరమైన వాక్యము వేరొకటి యుండదు. అది యొక శిక్షకుని జ్ఞాపకములో నుండెను. లోకమునకు తెలిసినది మూడు ప్రాణములు పోయిన పిమ్మట.

భారతము చదివినవారికి ఇచ్చట కర్ణుడు తలపునకు రాక మానడు. తానెవరో దాచి భార్గవరామునివద్ద అస్త్రవిద్య నేర్చెను. అవసరమైన క్షణమున ఆ విద్య స్ఫురింపకుండునట్లు శాపము పొందెను. విమానములో శాపముతో పని లేదు. ఒత్తిడిలో మనస్సు అరకొరగా నేర్చిన విద్యనే మొదట విడుచును. ఐతే కర్ణుని దాపరికము కులమునకు సంబంధించినది, విద్యలో అతనికి కొదువ లేదు. గురువు అతని విద్యను చక్కగా ఎరుగును. ఈ చోదకుల విషయమున దాగినది విద్యలోని కొదువయే, అదియు గురువులకు తెలిసియే దాగినది.

తెలిసిన శిక్షకుడు ఏల వ్రాయడు? అమెరికాలో సుమారు 250 గంటలు ఎగిరిన యువకుడు శిక్షకుడు కావచ్చును. 1500 గంటల నియమము వచ్చిన తరువాత ఆ మిగిలిన గంటలను సంపాదించుటకు అందరికంటె దగ్గరి దారి ఇతరులకు నేర్పుట. అందుచే అచ్చట బోధన యనునది పెక్కుమందికి రైలు స్టేషనులోని వెయిటింగు గది వంటిది. బండి వచ్చువరకే దానితో సంబంధము. మన దేశములోను ఎయిర్‌లైన్సు కొలువు దొరకినంతనే శిక్షణాలయమును విడిచిపోవుట పరిపాటి. జీతములలోని వ్యత్యాసము చూచినవారు వారిని నిందింపజాలరు. అట్టి శిక్షకుడు నేటి శిష్యుని రేపు సహోద్యోగిగా చూడవలసియున్నది. కఠినమైన వాక్యము వ్రాసిన శిష్యుడు నొచ్చుకొనును, తల్లిదండ్రులు వచ్చి అడుగుదురు, అదనపు గంటలకు అదనపు రుసుము కట్టుమనిన యాజమాన్యముతో తగవు పడుదురు. 'సంతృప్తికరము' అను మాట వ్రాసినచో ఈ బాధ లేదు. కళాశాలలలో అంతర్గత మార్కులు వేయు అధ్యాపకులకు ఈ సంకటము క్రొత్తది కాదు. వారు వేసిన ఉదారమైన మార్కులవలన ఎవరును మరణింపరు గనుక లోకము దానిని క్షమించుచున్నది.

ఫలితములనుబట్టి శిక్షకుని కొలుచుటకు ప్రయత్నములు లేకపోలేదు. రెండేండ్లలో కనీస మైదుగురిని పరీక్షకు పంపి, వారిలో నూటికి 80 మంది మొదటిమారే నెగ్గినచో, దానిని శిక్షకుని యోగ్యతకు ఒక నిదర్శనముగా అమెరికా నియమములు స్వీకరించును. ఉద్దేశము మంచిదే. కాని శిష్యుని బాగుగ నేర్పి పంపువానికిని, మెత్తని పరీక్షకుని వెదకి పంపువానికిని ఈ కొలబద్ద ఒకే కొలత చూపును.

శిక్షకుని చేవ్రాళ్లన్నింటిలో బరువైనది విద్యార్థి ఒంటరిగా ఎగురుటకు అనుమతించునది. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలము తుంగతుర్తి సమీపమున పొలములలో సెస్నా 152 విమానము కూలి, ఒంటరిగా ఎగురుచుండిన శిక్షణార్థి మరణించుట తెలుగు పాఠకులు మరచియుండరు. ఆ ప్రమాద కారణము ఇక్కడి చర్చకు విషయము కాదు. పనిచేయుచున్న రైతుల కన్నుల యెదుటికి ఆ చిన్న విమానము వచ్చి పడినప్పుడు, ఒంటరి ప్రయాణ మనునది ఎంత పెద్ద మాటయో శిక్షణాలయము గోడలకు వెలుపలివారికిని తెలిసినది.

ఇంత చెప్పిన తరువాత ప్రతిపక్షమును వినకపోవుట న్యాయము కాదు. శిష్యుడు చేసిన ప్రతి తప్పును ఉద్యోగకాలమంతయు వెంటాడునట్లు వ్రాసియుంచుట తగునా అని చోదకులు అడుగుచుందురు. ఆ ప్రశ్నలో బలమున్నది. నడక నేర్చు బిడ్డ పడును. పడకుండ నేర్చినవాడు లేడు. తప్పు వ్రాసిన కొలువు పోవునని తెలిసినచో శిష్యుడు తప్పును దాచును, దయగల శిక్షకుడు దాచనిచ్చును, అంతట పుస్తకము మరింత మూగబోవును. ఒక పరీక్ష తప్పినవారిలో ఉత్తమ చోదకులైనవారు ఎందరో యుందురు. చూడవలసినది ఒకే విధమైన తడబాటు ఏండ్ల తరబడి, వేర్వేరు గురువుల యెదుట, మరల మరల కనబడుచున్నదా యనునది. అది కనబడవలెనన్న ఉత్తీర్ణత, అనుత్తీర్ణత అను రెండు మాటలు చాలవు.

అందులకే ఇటీవలి అంతర్జాతీయ పద్ధతులలో చోదకుని సామర్థ్యమును తొమ్మిది అంశములుగా విడదీసి, ఒకటినుండి ఐదు వరకు అంకెలు వేసి, ఆ అంకె ఏ చర్యను చూచి వేయబడినదో వ్రాయుమనుచున్నారు. 'బాగుగ లేదు' అనిన ఎవరికిని ఉపయోగము లేదు. 'గాలి మారినప్పుడు వేగము చూచుట మరచెను. ఒకమారు చెప్పగా తరువాత తానే సరిదిద్దుకొనెను' అనిన తరువాతి శిక్షకునికి పని తెలియును, శిష్యునికిని అవమానము లేదు. ఇట్టి వాక్యము వ్రాయుట కేవలము విమానవిద్య కాదు. చూచినదానిని చూచినంత వ్రాయుట కూడ నేర్పవలసిన విద్యయే. శిక్షకులను తయారుచేయు పాఠక్రమములో దానికి చాలినంత కాలము కేటాయింపవలెను.

పుస్తకములు చెడినచోట నిజాయితీపరులకు కలుగు నష్టమునకు పాకిస్తాను ఉదాహరణము. 2020 మే 22న కరాచీలో ఆ దేశపు జాతీయ సంస్థ విమానము కూలి, అందున్న 99 మందిలో 97 మంది మరణించిరి. జూన్ 24న విమానయాన మంత్రి జాతీయ సభలో మాట్లాడుచు, దేశములోని 860 మంది చోదకులలో 262 మంది లైసెన్సులు అనుమానాస్పదములని ప్రకటించెను. పరీక్ష వ్రాసినట్లున్న దినము సెలవుదినమైన సందర్భములు కలవట. వారము తిరుగకముందే ఐరోపా విమానభద్రతా సంస్థ ఆ దేశపు విమానములకు అనుమతి నిలిపివేసినది. అది తొలగినది 2024 నవంబరులో. తుదకు తేలినదేమన, ఆ 262 మందిలో అత్యధికుల లైసెన్సులు సరియైనవే. దోషులు కొందరు. కాని దోషిని నిర్దోషినుండి వేరుచేసి చూపగల పుస్తకము లేకపోవుటచే అందరి ముఖములకును మసి అంటినది.

మన దేశములో లైసెన్సుల వ్యవహారము 2021 నుండి క్రమముగా కంప్యూటరులోనికి మారినది. 2025 ఫిబ్రవరిలో లైసెన్సు కూడ ఎలక్ట్రానిక్ రూపమున ఇచ్చుట ఆరంభమైనది. కల్పిత పత్రముల బెడద ఇందుచే తగ్గును. శిక్షకుడు వ్రాయని వాక్యమును మాత్రము కంప్యూటరు తెచ్చి పెట్టజాలదు. కోల్గన్ వారి రికార్డులును కంప్యూటరులోనే యుండెను.

బిడ్డను చేర్చుటకు శిక్షణాలయము గుమ్మములో నిలిచిన తండ్రికి సామాన్యముగా చూపబడునవి తళతళలాడు విమానములు, వసతిగృహము, ఉద్యోగములు పొందినవారి చిత్రములు. అతడు అడుగదగిన ప్రశ్నలు వేరు. ఇచ్చటి శిక్షకులలో రెండేండ్లకు మించి నిలిచినవా రెందరు? ఒక శిక్షకుడు విడిచిపోయినప్పుడు అతని శిష్యులను గూర్చి తరువాతి శిక్షకునికి చేరునది ఏమి? ప్రగతిపుటలలో 'సంతృప్తికరము' కాక మరేమైనను వ్రాయుదురా, వ్రాసినదానిని ఆ దినముననే శిష్యునికి చదివించి అతని చేవ్రాలు తీసికొందురా? పాత విద్యార్థి పుట నొకదానిని పేరు కప్పి చూపుమని అడుగుటలో తప్పు లేదు. చూపుటకు సంకోచించినచో, మొదటి వాయిదా సొమ్ము జేబులో నుండగనే వేరొక శిక్షణాలయమునకు పోవుటకు ఇంకను వ్యవధి యుండును.